పునీత డొనాటో వంగిన మెట్టు

ఏటా పండగ ఊరేగింపులో పునీత డొనాటో విగ్రహం మోసే కర్రల్లో ముందు ఎడమవైపు చోటు మూడు తరాలుగా ఎర్మెతె కుటుంబానిదే. అతని నడుము పాడై ఆర్నెల్లయింది. డాక్టరు నీళ్ల బిందె కూడా ఎత్తొద్దన్నాడు. ఆ సంగతి బయటపడితే ఆ చోటు కాస్తా వెనకాల మోసే సర్వేయరు ఫుల్వియోకి పోతుంది. అంతకంటే నడుము పోవడమే నయమనుకున్నాడు ఎర్మెతె.

చర్చి నుంచి బజారులోకి నలభై మెట్లు. మూడో మెట్టు మీదే అతని నడుము పట్టేసింది. తను కూలితే అయిదొందల కిలోల పునీతుడు కింద కుర్చీలేసుకుని కూర్చున్న ముసలమ్మల మీద పడతాడు. అందులో అతని అత్తగారు కూడా ఉంది. చెమటతో చొక్కా తడిసిపోయింది. ఎవరూ చూడకుండా భుజం ఒక అంగుళం దించాడు, బరువు పక్కవాళ్ల మీదికి పోతుందని. పోలేదు. విగ్రహం కూడా అంగుళం దిగింది.

"ఒరే, నువ్వు దించావా?" వెనక నుంచి ఫుల్వియో అడిగాడు.

"నువ్వో?"

"నాకు మోకాలు పోయి ఏడాదైందిరా!"

"మరి నా చోటు ఎందుకురా నీకు?"

జవాబు వచ్చేలోపే విగ్రహం ముందుకి ఒరిగింది. ముసలమ్మలు కెవ్వుమన్నారు. మోసేవాళ్లంతా చచ్చేంత భయంతో మొదటిసారి నిజంగా మోశారు. విగ్రహం నిలబడింది.

"పునీతుడు మనకి తల వంచాడు!" అని జనం ఏడ్చేశారు.

ఫాదర్ కళ్లు తుడుచుకుంటూ వచ్చాడు. "ఏటేటా ఈ మెట్టు మీద ఇలాగే వంచండి నాయనా."

ఎర్మెతె కింద మిగిలిన ముప్ఫయ్యేడు మెట్ల వంక చూశాడు.