చలివేంద్రపు ధర్మము

వైశాఖమాసపు మధ్యాహ్నమున ప్రచండభానుని కిరణజ్వాలలకు పల్నాటిసీమయందలి నాపరాతినేల పెనమువలె కాగుచుండ వాగుమడుగులు బీటలువారిన బురదను మాత్రము మిగుల్చుకొనియుండ పక్షిజాతి యెల్ల తుమ్మకొమ్మలచాటున రెక్కలు వ్రేలవైచి నోళ్లు తెరచుకొనియుండ, గురిజవోలు పురమునుండి కృష్ణాతీరమునకు బోవు నాలుగు క్రోసుల బాటపై మాత్రము యాత్రికజనము నెత్తిమూటలతో తెంపులేక సాగుచుండెను. పున్నమినాటి నదీస్నానమునకై ఏటేట ఆ బాట నడచుట ఆ సీమవారికి తాతలనాటినుండి వచ్చుచున్న యాచారము.

అట్టి దినములలో నొకనాటి యుదయమున కుమ్మరి ఆదెమ్మ తన మగనికి పంచెలచాపు కొనుటకై వేమూరి కోటిలింగముగారి జవుళియంగడికి పోయెను. ఏబదియేండ్ల వయస్సును మితభాషిత్వమును చూచినదానిని మరువని స్వభావమును గల యా యిల్లాలు బేరము తెగిన వెలను కొంగుముడి విప్పి లెక్కించి యీయబోగా, గుమాస్తా తాను వ్రాసిన చీటీని చూపి మరియొక యణా చెల్లవలసియున్నదని చెప్పెను. అది యేమని యామె యడిగెను. ఏటిబాటయందు తమ యజమాని నిలిపిన మూడు చలివేంద్రములకై రెండేండ్లనుండి కొనువారందరి చీటీలయందును అణా చొప్పున ధర్మము చేర్చుచున్నారమని అతడు తలయెత్తకయే బదులుచెప్పెను.

"కాదంటే ఏం జేస్తరు?" అని ఆదెమ్మ యడిగెను.

"ధర్మాన్ని కాదనేవాళ్ళు ఇంతవరకూ మా అంగడికి రాలేదమ్మా" అని గుమాస్తా చిరునవ్వు నవ్వెను.

చుట్టునున్నవారు తనవైపు చూచుటచే సిగ్గుపడి యామె అణా చెల్లించి వచ్చెనుగాని, నడచుచున్నంతసేపు ఒక శంక ముల్లువలె మనస్సున గ్రుచ్చుకొనుచుండెను. ఇరువదియేండ్లుగా ఆ పందిళ్లకు కావలసిన బానలన్నియు తమ యావమునందే కాలినవి. నిరుడుగాని యీయేడుగాని కోటిలింగముగారి మనిషి యొక్కడును తమ గడప త్రొక్కలేదు. బాన యెండకు పగులక రెండు వేసవులు నిలుచుట కల్ల. బానలు లేక నీరెక్కడ నుంచిరి?

ఈమాట మగడైన గంగన్నతో చెప్పగా, పొరుగూరి కుమ్మరులవద్ద కొనియుందురనియు పెద్దవారి సంగతులు మనకేలయనియు అతడు సారె త్రిప్పుట మానకయే పలికెను. మరునాడామె పొరుగూరికి పోయి విచారించెను. అచ్చటివారు ఆ బానలు మీవేకదాయని తిరిగి యామెనే ప్రశ్నించిరి. అంతటితో శంక నిశ్చయమునకు సగముదూరము వచ్చెను. తక్కిన సగమును తన కన్నులతోనే తెలిసికొనగోరి మూడవనాటి ప్రొద్దున ఆదెమ్మ ఏటిబాట పట్టెను.

మొదటి పందిరి దూరమునకు చల్లగానే కనబడెను. దగ్గరకు పోగా తాటాకుక్రింద ఉట్టిలేదు కుండలేదు మనిషిలేడు. రెండవపందిరియందు పగిలిన బానపెంకులపై నొక కుక్క పండుకొనియుండెను. మూడవదానియందు మాత్రము సాలమ్మయను ముదుసలి రెండు చిన్నకడవలు ముందిడుకొని కొబ్బరిచిప్పతో బాటసారుల దోసిళ్లలో నీరు పోయుచుండెను. రెండేండ్లుగా తనకు కూలి యందలేదనియు, బానలు పగిలినవని రెండుమారులు కబురుపంపినను పలికినవారు లేరనియు, అరక్రోసు దూరపు బావినుండి తానే నీరు మోసితెచ్చుచున్నాననియు నామె యెవరిపైనను నేరముమోపని కంఠముతో చెప్పెను. పిమ్మట మెల్లగా నిట్లనెను.

"మొన్న ఒక పెద్దాయన మొదటి పందిరికాడ పడిపోయినాడమ్మా. ఎండకు తట్టుకోలేక వాగు ఇసకలో నీళ్ళూరే చెలమల దిక్కు పోతా ఉన్నోడు, పందిరి చూసి నీళ్ళుంటయ్యని ఇటు మళ్ళినాడంట. ఆ పందిరన్నా లేకపోతే చెలమకాడికి పోయి బతికేవోడు."

ఆదెమ్మకు తాను చెల్లించిన యణా ఆ తాటాకులలో నొకటి యైనట్లును ఆ వృద్ధుని చేయిపట్టి ప్రక్కకు లాగినవారిలో తానును ఒకతె యైనట్లును తోచెను. ఎండలో నడచివచ్చినను సాలమ్మ యీయవచ్చిన నీరు త్రాగుటకు మనసొప్పలేదు.

సంతదినమున కొనువారితో క్రిక్కిరిసియున్న యంగడికి పోయి యామె కోటిలింగముగారి యెదుట నిలిచి తాను కన్నదియు విన్నదియు హెచ్చుతగ్గులు లేక చెప్పెను. చందనచర్చితలలాటుడును మృదుభాషియునగు నా వర్తకుడు సాంతము విని అనునయముగా నుత్తరమిచ్చెను.

"ధర్మపు సొమ్ము నా దగ్గర భద్రంగా ఉంది తల్లీ. ఆ తాటాకు పందిళ్ళ చోట రాతిమంటపాలు కట్టించాలని నా సంకల్పం. అందుకోసమే కూడబెడుతున్నాను."

"మంటపం లేచేదాకా దాహం ఆగుద్దా అయ్యా?"

కోటిలింగముగారి ముఖము జేవురించెను. ఈమె యణా యీమెకిచ్చి పంపివేయుమని గుమాస్తాకు సెలవిచ్చెను. గుమాస్తా చాచిన నాణెమును ఆదెమ్మ తాకలేదు.

"అది నేనిచ్చింది గాదు, మీరు పట్టుకున్నది. ఇప్పుడు తీసుకుంటే నాకు మీకు తీరిపోయినట్టవుద్ది. ఆ పెద్దాయనకు తీరేదేంది?"

ఇంతమాత్రమే పలికి యామె వెలుపలికి నడచెను. ఆమె వెనుకనే ఒక బడిపంతులు తన చీటీని మడతవిప్పి చదివి ఆ పంక్తిని కొట్టివేయుడని శాంతముగా గోరెను. పిమ్మట మరియొకరు గోరిరి. మాసము తిరుగకమున్నే చలివేంద్రపుధర్మము చీటీలనుండి తొలగిపోయి దానిచోట దీపధర్మమను క్రొత్తపంక్తి వెలసెననియు, ఆ దీపములెచ్చట వెలుగుచున్నవని కొనువారు ప్రశ్నింప నారంభించిరనియు చెప్పుకొందురు. మంటపములు మాత్రము లేవలేదు. కూడబెట్టితినన్న సొమ్ము కలదో లేదో నేటికిని ఎవరును ఎరుగరు.

ఆదెమ్మ యా సంగతులు విచారింపలేదు. సంతనుండి వచ్చిన మరునాడే ఆవమునుండి ఆరుబానలు తీయించి బండికెత్తించెను. రెండింటిని సాలమ్మకడ దింపి, రెండింటిని రెండవపందిరియందుంచి సాలమ్మ చెల్లెలిని కాపు పెట్టి, కడమ రెండింటితో తాను మొదటిపందిరిక్రింద కూర్చుండెను. వలదని ప్రొద్దంతయు సణిగిన గంగన్నయే కావడితో నీరు మోసెను.

నాటి మధ్యాహ్నమున ధూళిధూసరితగాత్రుడైన యాత్రికుడొకడు బాటపై నాగి పందిరిని తేరిపార జూచి చాలసేపు సంశయించెను. ఆదెమ్మ పిలిచినను చప్పున రాలేదు. తుదకు వచ్చియు దోసిలి పట్టకమున్ను మూకుడు తానే తొలగించి బానలోనికి తొంగిచూచెను. ఆమె యందులకు నొచ్చుకొనలేదు. లోపలి నీటిపై ఆతని యెండినముఖము కదలాడుచు కనబడిన పిదపనే ఆతడు రెండుచేతులు చాచెను.