కిష్టవ్వ లేచి కూర్చుంది

భర్త పోయాక కోహెడలో పత్తి చేనును ఒంటిచేత్తో సాగుచేసి పిల్లల్ని ఒక దారికి తెచ్చిన మనిషి కిష్టవ్వ. తేలు కుట్టినప్పుడు కూడా పళ్లు బిగపట్టిందే తప్ప గొంతెత్తలేదు. అలాంటిది, వాకిట్లో జారిపడి తుంటి ఎముక విరిగి సిద్దిపేట దవాఖానలో చేరాక, కాలిమీద దుప్పటి సర్దినా అరుస్తోంది. నొప్పికంటే ఆ అరుపే ఆమెను ఎక్కువ బాధపెట్టింది. వార్డంతా వింటోందని ముఖం గోడవైపు తిప్పుకునేది.

ఆపరేషన్ రోజు పొద్దున మత్తు డాక్టరు సుచిత్ర వచ్చి, కిష్టవ్వ కొడుకు మల్లేశంతో మాట్లాడింది.

"అవ్వ గుండె బలంగ లేదు. పూర్తి మత్తుకంటె నడుముల సూది మంచిది. కాకపోతే దానికి అవ్వ లేచి కూసోవాలె."

"జర కదిలిస్తెనే ఒర్లుతుంది మేడం. ఎట్ల కూసుంటది?"

ఆ మాట కిష్టవ్వకు ములుకులా తగిలింది. "నేను ఒర్ల. లేపుండ్రి," అంటూ తనే మోచేతులమీద లేవబోయింది. జానెడు లేచిందో లేదో, కేక పెట్టి వెనక్కి వాలిపోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

సుచిత్ర ఆమె చెయ్యి పట్టుకుంది. "ఓర్చుకునుడు నీ పని కాదవ్వా. నొప్పి తీసుడు నా పని."

థియేటర్లోకి తీసుకెళ్లాక గజ్జ దగ్గర చల్లటి జెల్లు రాసి, స్కానింగ్ మిషను ఆనించింది. తెరమీద బూడిదరంగు చారలు కదిలాయి.

"గవేంది బిడ్డా?"

"తుంటి నొప్పిని మోసుకపోయే నరాలు గీ పొర కిందికెల్లి పోతయి. గాడ మందు నింపుతా. కాలు మొద్దుబారుతది."

సూది సన్నగా దిగింది. డాక్టరు చూపు తెరమీదనుంచి పక్కకు పోలేదు.

"ఏ ఊరు బిడ్డా మీది?"

"బెజ్జంకి. మా బాపు మగ్గం నేస్తడు."

"గందుకే నీ చెయ్యి వణుకుతలేదు," అంది కిష్టవ్వ.

సర్జన్ రమాకాంత్ లోపలికి వచ్చి గడియారం చూశాడు. "ఇంకా ఆలస్యమా?"

"మందు పట్టాలె సార్. కొంచెం ఆగుదాం," అంది సుచిత్ర, తడబడకుండా.

కాసేపటికి తడి దూదితో తొడమీద రాసింది. చల్లదనం తెలియడంలేదంది కిష్టవ్వ. నర్సు ఎస్తేర్ వీపు వెనక చెయ్యి వేయబోతే, "ఆగు," అని అరచేతులు బల్లమీద ఆనించి మెల్లగా పైకి లేచింది. తుంటి దగ్గర ఎవరో లాగినట్టు అనిపించింది, అంతే. ఇందాకటి కత్తిపోటు లేదు. నిటారుగా కూర్చుని, వంగమన్నప్పుడు వంగింది. నడుములో సూది దిగేదాకా కదల్లేదు.

రమాకాంత్ బల్ల దగ్గరికి వచ్చాడు. "సుచిత్రా, ఇగనుంచి తుంటి కేసులన్నిటికి ముందుగాల గీ గజ్జల సూది ఇద్దాం," అన్నాడు.

సుచిత్ర తలూపింది. మాస్కు వెనక ఆమె నవ్విందని కిష్టవ్వకు తెలిసిపోయింది.

ఆపరేషన్ అయిన మర్నాడు వాకరు పట్టించి ఆమెను నిలబెట్టారు. నాలుగడుగులు వేశాక మల్లేశం చేతిలోని ఫోను అడిగి తీసుకుని, భీవండీలో ఉన్న కూతురితో మాట్లాడింది.

"నడిసిన బిడ్డా. ఓర్సుకొని కాదే, నొప్పే లేకుంట లేపింది డాక్టరమ్మ. మనదిక్కు పిల్లనే. సూదివట్టుకుంటే చూడాలె నువ్వు దాని చెయ్యి," అంది, తన కడుపున పుట్టినదాని గురించి చెబుతున్నట్టు.