ఐదో సీసా

ఎజ్రా ఏం చదువుతున్నాడో వాళ్లమ్మ మరియమ్మకు సరిగ్గా తెలియదు. తెలియకుండా అతనే చూసుకున్నాడు. "నీళ్ల చదువమ్మా" అని చెప్పి ఊరుకున్నాడు. ఆ ముక్క పట్టుకొని ఆమె ఆళ్లగడ్డలో తమ వీధి వీధంతా "మావాడు నీళ్ల ఇంజనీరు" అని చెప్పుకుంది. చదువు నీళ్లదే. కాకపోతే అవి మోరీ నీళ్లు.

నంద్యాలలో ఎం.టెక్ రెండో ఏడు అతనిది, పర్యావరణ ఇంజనీరింగు. పొద్దున బి.టెక్ పిల్లలకు ల్యాబులో పాఠం చెప్పాలి, మిగతా పూట తన పరిశోధన చేసుకోవాలి. ఆళ్లగడ్డ మురుగు కాలువల్లో నీళ్లు ఏ వీధి దగ్గర ఎంత చెడుతున్నాయన్నది విషయం. ఊరు ఎంచింది గైడు. "సొంతూరే కదయ్యా, తెలిసిన చోటు, పని సులువు" అన్నాడాయన. ఎజ్రా తలూపాడు. ఆ ఊళ్లోనే తన తల్లి మునిసిపాలిటీ కోటు తొడుక్కొని ఆ మోరీలే తీస్తుందని చెప్పలేదు. ఆయన అడగనూ లేదు.

నాయన పోయినప్పటి నుంచి ఆమెది ఆ పనే. కొడుకును మాత్రం మోరీ దరిదాపులకు రానిచ్చేది కాదు. చిన్నప్పుడు బంతి పడినా తానే దిగి తీసి, కడిగి ఇచ్చేది. "నీది పుస్తకం పట్టే చెయ్యి నాయనా" అనేది.

ఊళ్లో తొమ్మిది చోట్ల నీళ్లు పట్టాలి. ఐదోది వాళ్ల వీధిలోనే, చర్చి ముందర. మోరీ పొడుగునా బండలు కప్పి ఉంటాయి. మూడు పాయలు కలిసే ఆ ఒక్కచోటే తెరిచి ఉంటుంది. లోతు ఎక్కువ, దిగితే తప్ప సీసా అందదు. మొదటిసారి అమ్మకు వేరే వార్డులో పని పడిన రోజు చూసుకొని వచ్చాడు. చేతికి గ్లౌజులు తొడుక్కుంటుంటే కొళాయి కింద బిందె పెట్టిన రామమ్మ చూడనే చూసింది.

"ఏందప్పా ఎజ్రా, మీయమ్మకు జరమొచ్చిందా? పనికి నువ్వొచ్చినావే!"

చుట్టూ ఉన్న ఆడవాళ్లు నవ్వారు. ఎజ్రా కూడా నవ్వాడు. గ్లౌజులు జేబులో కుక్కుకొని, "ఏం లేదక్కా, ఊరికే చూస్తాండా" అని పై వీధికి నడిచాడు. అక్కడ, నాలుగో చోటనే రెండు సీసాలు నింపి, ఒకదాని మీద ఐదు అని రాశాడు.

ల్యాబులో ఆ రెండు సీసాలూ ఒకే ఫలితం చూపించాయి. "మూడు కాలువలు కలిసిన చోట కూడా పై వీధి నీళ్లే ఉంటాయా?" అన్నాడు గైడు. దొంగపని అని ఆయనకు తట్టనే లేదు. అందుకే ఎజ్రాకు ఇంకా గుచ్చుకుంది. "సీసాలు తారుమారై ఉంటాయిలే. మళ్లీ పట్టుకురా. నీ బ్యాచి పిల్లల్ని కూడా తీసుకుపో, వాళ్లకూ పాఠమవుతుంది."

అట్లా నలుగురు విద్యార్థులతో ఆళ్లగడ్డ బస్సెక్కాడు. దారిలో వాళ్లకు పద్ధతి చెప్పాడు. సీసాను అడుగున పట్టుకోవాలి. మూతికి వేలు తగలకూడదు. తగిలితే ఆ నీళ్లు పారబోయాల్సిందే. వెతికేది కంటికి కనబడని క్రిముల్ని కాబట్టి, చేతి మీదివి కలిస్తే ఏవి మోరీవో ఏవి మనవో తేల్చలేం. పిల్లలు శ్రద్ధగా విన్నారు.

మొదటి నాలుగు చోట్లా తానే పట్టాడు. అవి తనను ఎరగని వీధులు. చర్చి ముందుకొచ్చేసరికి చేతులు కట్టుకొని నిలబడ్డాడు.

"ఇక్కడ మీలో ఎవరైనా పట్టండి. నేర్చుకోవాలి కదా."

సౌజన్య చున్నీ నడుముకు చుట్టింది. సంజామల దగ్గర రైతుల పిల్ల. "నేను దిగుతా సార్. మడిలో బురద తొక్కినదాన్నే."

కొళాయి దగ్గర రామమ్మ ఈరోజూ ఉంది. "ఆ పాప దిగతాంది, మగోడు గట్టున నిలబడినాడు చూడండే!"

అప్పుడే సందు మలుపులో తోపుడుబండి చప్పుడైంది. పచ్చకోటు, తలకు గుడ్డ. మరియమ్మ. ఈరోజు ఆమెకు ఈ వార్డే పడినట్టుంది. కొడుకును చూడగానే ముఖం విప్పారింది, పిలవబోయింది. ఇంతలో పిల్లల మెడల్లో కాలేజీ కార్డులు చూసింది. మళ్లీ కొడుకు ముఖం చూసింది. అక్కడ ఏం కనబడిందో, తెరిచిన నోరు మూసుకుంది. బండి పక్కన పెట్టి దగ్గరికొచ్చింది.

"సారూ, పాపను దిగనీయొద్దండి. గాజుపెంకులుంటాయి. సీసా ఇట్లియ్యండి, నేను పట్టిస్తా."

సారూ. ఎజ్రాకు చెవులు కాలినట్టయింది.

"వద్దులేమ్మా" అన్నాడు. దారిన పోయే ఏ ఆడమనిషితోనైనా అనే మాట. పిల్లలకు అనుమానం రాకుండా అనగలిగాడు. అనగలిగినందుకు ఒక్క క్షణం ఊపిరి కూడా పీల్చుకున్నాడు.

ఆమె అప్పటికే సౌజన్య చేతిలో సీసా అందుకొని, చీర ఎగదోపి దిగింది. ఉత్త చేత్తో నీళ్లలో ముంచింది. మెడదాకా నింపి, మూతిని అరచేత్తో శుభ్రంగా తుడిచి, రెండు చేతులా పైకి అందించింది.

"సరిపోతాయా సారూ?"

"సార్, మూతికి చెయ్యి తగిలింది" అన్నాడు ప్రవీణ్. మంచి పిల్లవాడు, పాఠం బాగా విన్నాడు. "పారబోయాలి కదా? ఆమె చేతిదంతా ఇందులోకి వచ్చింటుంది."

ఎజ్రా సీసా అందుకున్నాడు. నలుగురూ తనవైపే చూస్తున్నారు. వంచి పారబోశాడు.

మరియమ్మ గట్టెక్కి ఆ నీళ్లు పోవడం చూసింది. "నా చెయ్యి తగిలిందనా సారూ?" అంది నవ్వబోయి. చేతులు కోటుకు తుడుచుకొని, వెనక్కి పెట్టుకుంది.

"పద్ధతమ్మా... అది..."

పద్ధతి సరైనదే, తాను చెప్పిందే. కానీ చేతులు దాచుకొని నిలబడిన మనిషికి దాన్ని వివరించాలంటే అంతకు ముందు చెప్పాల్సింది ఇంకొకటుంది. ఎజ్రా కొత్త సీసా తీసుకున్నాడు. గ్లౌజులు వేసుకొని, ప్యాంటు మడిచి, గట్టు మీద చెయ్యి ఆనించాడు.

"వద్దు నాయనా!" మరియమ్మ చొక్కా పట్టుకుంది. "నువ్వు దిగొద్దురా, నీకు దండం పెడతా!"

ఎజ్రా దిగాడు. నల్లటి నీళ్లు పిక్కలదాకా వచ్చాయి.

సౌజన్య ఆమెనూ అతన్నీ మార్చి మార్చి చూసింది. "సార్, ఈమె మీకు తెలుసా?"

"మా అమ్మ" అన్నాడు.

"ఏంది సార్?" అన్నాడు ప్రవీణ్. నిజంగానే వినబడలేదు. అంత చిన్నగా అన్నాడు ఎజ్రా.

రెండోసారి చెప్పడం మొదటిదానికన్నా కష్టమైంది. "మా అమ్మ. పేరు మరియమ్మ. ఈ మోరీలు తీసేది ఈమే."

ప్రవీణ్ తల దించుకున్నాడు. కొళాయి దగ్గర నుంచి రామమ్మ అంది:

"మీయమ్మను బేగానే గుర్తుపట్టినావప్పా!"

ఈసారి ఆడవాళ్లు నవ్వలేదు. సీసా ముంచాడు. మూతి నీళ్లకు ఎదురుగా, వేళ్లు అడుగున, తాను చెప్పిన పద్ధతిలోనే. పైన తల్లి ఎవరితోనో అన్నట్టు గొణుగుతోంది: "ఏల చెప్పినాడో. సారూ అంటాంటిని గదా, అట్లే పోయింటే ఏమయ్యేది? పిల్లోల్ల ముందర..." ఆమె ఏడుస్తోందని అతనికి గొంతును బట్టి తెలిసింది. తనను దాచినందుకు కాదు, కొడుకు మోరీలో నిలబడినందుకు. ఆ సంగతి అర్థమయ్యాక అతను తల ఎత్తలేకపోయాడు.

పైకి రాగానే మూతపెట్టిన సీసాను సౌజన్య తీసుకొని మంచు పెట్టెలో పెట్టింది. గైడుకు చెప్పాల్సింది మిగిలే ఉంది, మొదటిసారి సీసాలేవీ తారుమారు కాలేదని. చెప్పాలి. ఈ పిల్లల ముందరే చెప్పాలేమో.

మరియమ్మ రామమ్మ బిందె లాక్కొచ్చింది. బండిలోని సబ్బుతో ముందు తన చేతులు మోచేతులదాకా తోముకుంది. మామూలుకన్నా ఎక్కువసేపు తోముకుంది. తర్వాత, "పట్టు" అంది.

గ్లౌజులు వేసుకున్నానని అతను అనలేదు. అవి తీసేసి చేతులు చాపాడు. ఆమె నీళ్లు పోస్తూ, వేలు వేలూ పట్టి, గోళ్ల సందుల్లో కూడా రుద్దింది. పిల్లలు చూస్తున్నారు. ఆమె వాళ్లవైపు ఒకసారి చూసి, గొంతు బాగా తగ్గించింది.

"నువ్వు పట్టిన నీళ్లన్నా పనికొస్తాయా?"

"వస్తాయమ్మా."

"పారబోయవు గదా?"

ఎజ్రా తల అడ్డంగా ఊపాడు.