కిటికీ అవతలి వంతు

నానబెట్టిన బీన్స్ కడుగుతూనే వెర్లా పక్కగదిలోకి ఒక చెవి పడేసి ఉంచింది. ఉఫ్... ఉఫ్... కొడుకు గాలి పీల్చినప్పుడల్లా ఆక్సిజన్ సిలిండర్ మూతి దగ్గరి రెగ్యులేటర్ ఊదుతుంది. పీల్చకపోతే ఊదదు. రెండేళ్లుగా ఆమె ఆ చప్పుడు పట్టుకునే బతుకుతోంది. కాస్త ఆలస్యమైతే చేతిలో పని అక్కడే వదిలేసి పరుగెత్తుతుంది.

"బతికే ఉన్నానే అమ్మా!" గార్లండ్ లోపలినుంచి కేకేశాడు. "బీన్స్ చూసుకో."

"పొద్దున్నే ఆ మాటలేంట్రా! సిలిండర్ మీటరు ముల్లు ఎక్కడుంది?"

"పచ్చలోనే ఉంది."

అయినా గాలి నిండుగా ఉందా అని వచ్చి చూసింది. పచ్చలోనే ఉంది. అయినా ట్రక్కులో మరో సిలిండర్ పెట్టింది. దాని పక్కన ఇంకోటి.

గార్లండ్‌కి నలభై ఆరేళ్లు. పందొమ్మిదేళ్లు బొగ్గుగనిలో పైకప్పుకి బోల్టులు బిగించాడు. ఆ పందొమ్మిదేళ్లూ కప్పు కూలుతుందని వెర్లా భయపడింది. కప్పు కూలలేదు. దుమ్ము మాత్రం రోజుకింత లోపలికి పోయి కూర్చుంది. ఇప్పుడు చొక్కా కొయ్యకి తగిలించినట్టు వేలాడుతుంది. కనుబొమ్మ మీది పాత గాయంలో బొగ్గు నీలంగా మిగిలిపోయింది. మూడు మెట్లెక్కితే రొప్పుతాడు. వేళ్లకి మాత్రం ఏమీ కాలేదు. బాంజో ఒళ్లోకి వస్తే అవి పాత గార్లండ్ వేళ్లే. వారమంతా మందులూ, టీవీ, గోడా. శనివారం మధ్యాహ్నం క్లబ్బు. వాడికి మిగిలింది అదొక్కటే.

బ్లూగ్రాస్ అనే కొండపాటలు వాయించే ఆ టర్నర్ ఫోర్క్ క్లబ్బు గని యూనియన్ పాత హాల్లో కూడుతుంది. పెద్ద సమ్మె జరిగిన చలికాలంలో వెర్లా తండ్రి, మరో ఏడుగురూ గని గేటు ముందు డ్రమ్ములో మంట వేసుకుని, చుట్టూ కూర్చుని మొదలుపెట్టారు. అప్పటి పద్ధతే ఇప్పటికీ. కుర్చీలు గుండ్రంగా వేస్తారు. పక్కవాడు తల ఊపితే నీ వంతు. వేళ్లు తిరక్కపోతే ఆ చరణమంతా మిగతావాళ్లు తాళం వేస్తూ ఆగుతారు గానీ, మనిషిని దాటి పోరు.

వెర్లా బీన్స్ గిన్నె, మొక్కజొన్న రొట్టె హాలు వంటగదిలో దించేసరికి ట్రెవర్ ఎదురొచ్చాడు. రెండేళ్లకిందట పట్నంనుంచి వచ్చి కార్యదర్శి అయినవాడు. వలయం మధ్య కొత్త మైకులు నిలబెట్టి ఉన్నాయి.

"వెర్లాగారూ, ఇవాళ రికార్డింగు కదా. గార్లండ్ ఆక్సిజన్ చప్పుడు మైకుల్లో పడుతోందండీ. ఈ ఒక్కరోజు బయట కూర్చుంటే..."

"చప్పుడా? అది వాడి ఊపిరి బాబూ."

"నేను తప్పుగా అనడంలేదండీ..."

"తప్పుగా అనకుండానే తప్పు చేస్తున్నావు." వెర్లా గోడకేసి చెయ్యి చాచింది. నెత్తిన దీపం, చేతిలో బాంజోతో నిలువెత్తు గని కార్మికుడి బొమ్మ. పోయిన వేసవిలోనే గీయించారు. "వాడు ఊపిరి పీల్చడు, అందుకని లోపలుండొచ్చు. నా కొడుకు పీలుస్తాడు, అందుకని బయటుండాలి. అంతేనా?"

ట్రెవర్ ముఖం ఎర్రబడింది. మిగతావాళ్లు తలలు వంచుకుని తీగలు సరిచేసుకున్నారు. పదేళ్లుగా ఆమె చేతి బీన్స్ తిన్నవాళ్లే.

"వదిలెయ్యమ్మా," అన్నాడు గార్లండ్, గుమ్మంలో నిలబడి రొప్పుతూ. "ట్రక్కులో కూర్చుంటా. కిటికీ తెరిస్తే చాలు."

అప్పుడు లేచాడు హోబార్ట్. ఎనభై ఒక్కేళ్ల ఫిడేలు మనిషి. మంట చుట్టూ కూర్చున్న వాళ్లలో ఇక మిగిలింది అతనొక్కడే. వెళ్లి కిటికీ పైకి నెట్టాడు.

"గార్లండ్ కుర్చీ తీస్తే ఊరుకోను. వాడి వంతు ఇటునుంచి వస్తుంది."

"మైకుల్లో గాలి పడుతుంది సార్..."

"అదీ ఈ ఊరి గాలేగా. రికార్డు చేసుకో."

అక్టోబరు చలి. వెర్లా ట్రక్కులో కొడుకు భుజాలకి బొంత చుట్టింది. "అద్దం సగమే దించు. ఛాతీకి చలి పడితే ఏమవుతుందో తెలుసా?"

"గనిలో మొదటిరోజు కూడా మఫ్లరు చుట్టావు," అని నవ్వబోయి దగ్గాడు. "వెళ్లమ్మా. ఆకలేస్తోంది, తర్వాత ఓ గిన్నె పట్రా."

మొదటి పాటలో వంతు ఖాళీ కుర్చీకి వచ్చింది. హోబార్ట్ కిటికీకేసి తల ఊపాడు. బయటినుంచి బాంజో అందుకుంది, రేకుల మీద వాన పడ్డట్టు. వంటగదిలో వెర్లా గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. రెండో పాటలోనూ వచ్చింది, మూడోదాంట్లోనూ.

నాలుగోది నెమ్మదిపాట. హోబార్ట్ తల ఊపాడు. బయటినుంచి ఏమీ రాలేదు. తీగ సరిచేసుకుంటున్నాడనుకున్నారు. చరణమంతా తాళం వేస్తూ ఆగారు. ముందుకి పొమ్మని ట్రెవర్ చెయ్యి తిప్పాడు. హోబార్ట్ అతనివైపే చూడలేదు. మళ్లీ కిటికీకేసి తల ఊపాడు.

వెర్లా గిన్నెలో బీన్స్ పోసుకుని బయటికి నడిచింది. పరుగెత్తలేదు. రెండేళ్లలో మొదటిసారి పరుగెత్తలేదు. ట్రక్కు తలుపు దగ్గర చెవి పెట్టి ఆగింది. ఉఫ్‌మన్న చప్పుడు రాలేదు.

గార్లండ్ గడ్డం బాంజో అంచున ఆనించి ఉన్నాడు. తీగలు మీటే తొడుగులు వేళ్లకి అలాగే ఉన్నాయి. ఆమె గిన్నెను ట్రక్కు ముందుభాగం మీద పెట్టి, జారిన బొంతను మళ్లీ భుజాలదాకా లాగింది. లోపల వాళ్లు ఇంకా తాళం వేస్తూనే ఉన్నారు, అతన్ని దాటి పోకుండా.

సీటు పక్కన సిలిండరు, దాని ముల్లు ఇంకా పచ్చలోనే ఉంది.