వాగుగడ్డ మీద పసుపు పూలు

గెస్ట్‌హౌస్ తోటలో నేను కాంట్రాక్టు మాలీని. అక్కడ గోడ పొడుగునా వెడీలియా పాకి ఉంటుంది. నిగనిగలాడే ఆకులు, పసుపు పూలు. కత్తిరించినకొద్దీ పెరుగుతుంది, చంపుదామన్నా చావదు. అందుకే అది నాకు నచ్చింది.

నా పాప నాలుగో నెలలో పోయింది. పళ్లు రాని పిల్లల్ని మా బొగ్గుబావి బస్తీలో కాల్చరు. పినపాక దారిలో వాగుగడ్డ మీద పూడ్చి, తలదగ్గర ఒక రాయి పెడతారు. ఏ రాయి ఎవరిదో తల్లికే గుర్తు. నా మతిమరుపు నాకు తెలుసు కదా! తోట నుంచి రెండు కొమ్మలు తెచ్చి పాప రాయి పక్కన గుచ్చాను. ఎవరికీ చెప్పలేదు. ఆ తర్వాత అటు వెళ్లడానికి నాకు మనసు రాలేదు. రెండు వానాకాలాలు గడిచాయి.

మొన్న పెత్రమాసకు, పోయినవాళ్లకు పెట్టుకునే అమావాస్యకు, పక్కింటి భద్రమ్మత్త తోడు రమ్మంది. ముప్పై ఏళ్ల కింద పసికందుగా పోయిన కొడుకు రాయి మీద ఏటా పాలు పోస్తుందామె. పోయినేడు కాలు విరిగి రాలేకపోయింది. ఆమె భర్త కాశయ్య మామ కూడా వచ్చాడు.

గడ్డ ఎక్కి ముగ్గురం ఆగిపోయాం. ఒక్క రాయీ కనబడలేదు. వాగు అంచు నుంచి టేకుచెట్ల దాకా పసుపు పూలే.

“ఏందే ఇది? నా కొడుకేడే?” అంటూ భద్రమ్మత్త కూలబడి తీగ పీకింది. కణుపు కణుపుకూ వేరు దిగింది. పెళ్లగిలిన మన్నుతో పాటు ఒక రాయి ఊడొచ్చింది. ఎక్కడి నుంచి లేచిందో ఎవరం చూడలేదు.

“ఆగు, పీకకు. గడ్డిమందు తెచ్చి కొడ్త, రెండు దినాల్ల మాడిపోతది,” అన్నాడు మామ.

“పసిపిల్లల మీద మందు కొడ్తవా? గా మాట నీ నోటికెట్ల వచ్చింది?” ఆమె అరుపుకు మామ తల దించుకున్నాడు.

నేను ఆమె పక్కన కూర్చున్నాను. “నేనే నాటిన అత్తా. నా బిడ్డ జాగా మర్చిపోతనేమోనని.”

కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది. కళ్లు తుడుచుకుని నా చెయ్యి పట్టుకుంది.

“అయితే నీకన్న ఎరుకే గద! నీ బిడ్డది ఏడనో చూపియ్యి. గాడికెల్లి వాగు దిక్కు ఐదో రాయి నా కొడుకుది. జల్దీ చూపియ్యే నవతా.”

చెయ్యెత్తాను. ఎటు చాపాలో తెలియలేదు.