అయిదో కమాండు తర్వాత

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ సంగతి ఆఫీసులో అందరికీ తెలుసు. బాబాయ్‌కి మాత్రం ఆ బుధవారం దాకా రుచి చూపించలేదు.

బాబాయ్ నాకు చుట్టం కాదు. యాభై ఆరేళ్ళ మనిషి, మా అంతస్తులో కిటికీ పక్క సీటు, ఆఫీసంతటికీ బాబాయే. మా దగ్గర కొత్త సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు మొదలుపెట్టాలంటే ఒక పోర్టల్ ఉంది. అందులో టెంప్లేట్, అంటే నమూనా, ఎంచుకుని, పేరు రాసి, బటన్ నొక్కితే ఫోల్డర్లూ మొదటి ఫైళ్ళూ వాటంతటవే తయారవుతాయి. ఇల్లు లేస్తుందన్నమాట. తలుపులకి తాళాలూ, గదులకి కరెంటూ ఇవ్వాల్సింది మాత్రం బాబాయ్. నల్లటి తెర మీద ఏడు కమాండ్లు, ఒకదాని తర్వాత ఒకటి, చేత్తో టైపు చేసేవారు. అవి ఒక గళ్ళ నోటుబుక్కులో రాసి పెట్టుకున్నారు గానీ ఆ పుస్తకం తెరవగా నేనెప్పుడూ చూడలేదు. "బాబాయ్, కొత్త ప్రాజెక్టు" అంటూ ఎవరైనా వచ్చి నిలబడితే చాలు, చేస్తున్న పని పక్కన పెట్టి వేళ్ళు విరుచుకునేవారు.

అందుకే ఆయనకి నాలుగేళ్ళుగా వరసగా మూడు రోజులు సెలవు దొరకలేదు. ఆ కమాండ్లు ఆఫీసు మిషను మీదే నడుస్తాయి, ఇంటి నుంచి కుదరదు.

ఇప్పుడు పిన్నికి, అంటే ఆయన భార్యకి, వచ్చే సోమవారం కంటి ఆపరేషన్. తర్వాత పదిహేను రోజులు గంటగంటకీ చుక్కలు వెయ్యాలి. ఇంట్లో వాళ్ళిద్దరే. మేనేజరు కుండబద్దలు కొట్టినట్టు చెప్పేశాడు: "శుక్రవారానికి ఆ ఏడు కమాండ్లూ పోర్టలే నడుపుకోవాలి. అప్పుడే సెలవు. లేకపోతే మీరు సీట్లో ఉండాల్సిందే."

ఆ పని నా నెత్తిన పడింది. టెంప్లేట్‌లో ఉన్న అంచెల చివర మనం సొంతంగా రాసుకున్న యాక్షన్ ఒకటి చేర్చవచ్చు. కమాండ్లన్నీ అందులో పెడితే బాబాయ్ టైపు చేసేదంతా పోర్టలే చేసేస్తుంది. పని అప్పగించిన సోమవారమే ఆయన నోటుబుక్కు తెచ్చి నా చేతిలో పెట్టారు. "జాగ్రత్తమ్మా, కుట్లు ఊడిపోతున్నాయి" అన్నారు.

మంగళవారం మధ్యాహ్నానికి రాసేశాను. ఉత్తుత్తి ప్రాజెక్టు ఒకటి పెట్టి నడిపాను. ఒకటి నుంచి అయిదు దాకా చకచకా పచ్చ టిక్కులు పడ్డాయి. ఆరో దాని దగ్గర ఎర్రగా వచ్చింది: "అలాంటి ప్రాజెక్టు లేదు." అయిదో కమాండు చేసే పనే ప్రాజెక్టు పేరుని కంపెనీ మిషన్లన్నిటికీ తెలియజెయ్యడం. అదేమో అయిపోయింది అంటుంది, ఆరోదేమో లేదంటుంది. ప్రతిసారీ కొత్త పేరు పెట్టి ఎనిమిదిసార్లు నడిపాను. ఎనిమిదిసార్లూ అదే పాట. బాబాయ్‌ని చెయ్యమని అడిగి నా సీటుకి వచ్చేశాను. కాసేపటికి ఆయన వచ్చి "అయిపోయిందమ్మా" అన్నారు. చూస్తే అవే కమాండ్లు, అక్షరం తేడా లేదు, శుభ్రంగా పనిచేశాయి.

బుధవారానికి తల ప్రాణం తోకకొచ్చింది. ఒక పురుగు మనసు తొలవడం మొదలుపెట్టింది. ఈ ఏడు కమాండ్లూ పోతే ఈయన దగ్గరికి ఇంకెవరొస్తారు? ఏదో దాచుకున్నారు.

"బాబాయ్, పుస్తకంలో రాయనిది ఏదన్నా ఉంటే ఇప్పుడే చెప్పెయ్యండి. మీ కుర్చీ ఎవరూ ఎత్తుకుపోరు" అన్నాను, నలుగురూ వింటుండగా.

ఆయన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు.

"దాచుకుని ఏం చేసుకుంటానమ్మా? మీ పిన్నికి నేను కాక చుక్కలు వేసేవాళ్ళు ఎవరున్నారు?"

నోరు జారానని నాకప్పుడే తెలుసు. అయినా బింకంగా నా సీటుకి వచ్చి కూర్చున్నాను.

గురువారం పొద్దున్నే కుర్చీ ఆయన పక్కకి లాక్కున్నాను. "నా ముందు ఒకసారి చెయ్యండి. కళ్ళల్లో వత్తులేసుకుని చూస్తాను" అన్నాను. ఆయన వేళ్ళు విరుచుకుని మొదలుపెట్టారు. అయిదోది కొట్టారు. లేచారు. బల్ల మీది స్టీలు సీసా తీసుకుని తలుపు వైపు నడిచారు.

"ఎక్కడికి?"

"నీళ్ళకి."

"పని మధ్యలోనా?"

"ఎప్పుడూ ఇక్కడే లేస్తానమ్మా. నడుం పట్టేస్తుంది."

వెనకే వెళ్ళాను. వరండా చివర నీళ్ళ మిషను. సన్నటి ధార, సీసా నిండడానికి రెండు నిమిషాలు. అక్కడ కూర్చునే సెక్యూరిటీ గార్డుని మోకాలి నొప్పి ఎలా ఉందని బాబాయ్ అడిగారు. కింద పార్కింగులో ఎవరో ఇరుకు సందులో కారు పెట్టలేక తంటాలు పడుతుంటే కిటికీలోంచి చూసి ఇద్దరూ నవ్వుకున్నారు. తిరిగొచ్చి కూర్చునేసరికి ఏడు నిమిషాలు. ఆరోది కొట్టారు. పనిచేసింది.

నా మిషను దగ్గరికి పరిగెత్తాను. వెతికితే దొరికింది. అయిదో కమాండు అయిపోయిందని చెప్పేది పేరు పంపడం గురించే. అది మిషన్లన్నిటికీ చేరడానికి ఆరు నిమిషాలు పడుతోంది. ఏళ్ళ తరబడి ఆ ఆరు నిమిషాలూ బాబాయ్ నీళ్ళకి వెళ్తున్నారు. ఆయనకే తెలియని పనిని పుస్తకంలో ఎలా రాస్తారు?

సిగ్గుతో చచ్చిపోయాను. అందరూ ఉండగానే వెళ్ళి చెప్పాను.

"మీరేమీ దాచలేదు బాబాయ్. మీ నీళ్ళసీసా నాకు కనపడలేదు, అంతే. నిన్న అలా అనాల్సింది కాదు. క్షమించండి."

సంగతంతా విని ఆయన సీసా వైపు చూసి పకపకా నవ్వారు. "ఇన్నేళ్ళూ నా చేతి చలవ అనుకుంటున్నాను. నా నడుం నొప్పా!" నవ్వు సగంలో ఆగింది. "దాన్ని కూడా రాసేస్తావా?"

"రాసేస్తాను."

"రాసెయ్, రాసెయ్" అని తల అటు తిప్పుకున్నారు.

పేరు అన్ని చోట్లకీ చేరిందో లేదో అరనిమిషానికోసారి అడిగి చూసుకుని, చేరాకే ఆరోది మొదలుపెట్టేలా యాక్షన్ మార్చాను. ఆలోగా తెర మీద కనపడటానికి ఒక వాక్యం పెట్టాను: "కొంచెం ఆగండి. ఈలోగా మంచినీళ్ళు తాగి రండి." శుక్రవారం మూడుసార్లు నడిపితే మూడుసార్లూ నడిచింది. మేనేజరు సెలవు ఇచ్చేశాడు.

తర్వాతి గురువారం బాబాయ్ ఫోన్ చేశారు.

"ఏమ్మా, కొత్త ప్రాజెక్టులేమీ రాలేదా?"

"నాలుగొచ్చాయి బాబాయ్."

"నాలుగా! ఒక్కరూ ఫోన్ చెయ్యలేదు."

ఆయనకి బాధగా ఉందని గొంతే చెబుతోంది. మీరు లేక అల్లాడిపోతున్నామని ఒక అబద్ధం చెబుదామనుకున్నాను. నోరు రాలేదు. "అవసరం పడలేదు బాబాయ్. పిన్నికెలా ఉంది?"

"బాగానే ఉంది. రెండు మందులమ్మా. ఒకటి వేశాక అయిదు నిమిషాలాగి రెండోది వెయ్యాలి. మొదటిరోజు ఒకటి వేసి, అలవాటు కదా, నీళ్ళ సీసా పట్టుకుని లేచాను. మీ పిన్ని కళ్ళు మూసుకునే నా చెయ్యి పట్టుకుంది. 'ప్రతిదానికీ మధ్యలో లేచి వెళ్ళిపోతారేంటండీ, కూర్చోండి' అంది."

"మరి?"

"ఏముంది, కూర్చున్నాను. ముప్ఫయ్యేళ్ళ కాపురంలో ఊరికే అలా పక్కన కూర్చోవడం ఎన్నిసార్లు జరిగిందో గుర్తు రావట్లేదమ్మా." గొంతు కొంచెం తగ్గింది. "ఇప్పుడూ అక్కడే ఉన్నాను. ఒక మందు వేశాను. తను ఇంకా నా చెయ్యి వదల్లేదు."

"ఇంకా ఎంతసేపు?"

"రెండు నిమిషాలుంది. ఉంటానమ్మా" అని ఫోన్ పెట్టేశారు.