జేబు ఖాళీ వైరస్

ఆ గది ఇప్పుడు లేదు. కానీ పురుగు కణాలు పెంచే ద్రవం వాసన ఎక్కడ తగిలినా, నేను మళ్ళీ అత్తగారి పక్కన నిలబడి ఉంటాను.

అత్తగారంటే మా ల్యాబ్ సీనియర్. తళతళలాడే ఫ్లాస్కుకి కూడా వంక పెట్టేది, అందుకే ఆ పేరు. కొత్తగా చేరిన నేను కోడల్ని.

"వైరస్ కొత్తల్లుడి లాంటిదే," అని చేరిన రోజే చెప్పింది. "కణంలో అడుగు పెట్టిందంటే ఇంటివాళ్ళ వంట ఆగిపోతుంది. పొయ్యి మీద అంతా దానికే. మనం దాని జేబులో మన జన్యువు పెట్టి పంపుతాం. మన ప్రోటీన్ కూడా అక్కడే వండించుకుంటాం."

ఆ ప్రోటీన్‌తోనే మా వ్యాక్సిన్. ఆ నెల అది రాలేదు. కణాలు ఉబ్బాయి, పగిలాయి. పరీక్షలో మాత్రం మా ప్రోటీన్ ఉండాల్సిన చోట నీలిగీత లేదు.

"ఇంకొక్కసారే," అన్నాడు డైరెక్టరు. "ఈసారీ గీత రాకపోతే గది మూసేస్తాం."

నేను కణాల్ని తిట్టిపోశాను. అత్తగారు మైక్రోస్కోపు నుంచి తలెత్తింది.

"వాటిననకే. అల్లుడు సుబ్బరంగా తిన్నాడు. జేబే ఖాళీ!"

వైరస్ అయిపోయినప్పుడల్లా పాతదాన్నుంచే కొత్తది పెంచుకుంటూ వచ్చాం. మా జన్యువు దానికి మోతబరువు. దారిలో ఆ బరువు దించేసుకున్నవే త్వరగా పెరిగి, మోసేవాటిని మించిపోయాయి.

మొదటి తరం వైరస్ ఫ్రీజర్ అడుగున ఒక్క చిన్న సీసాలో మిగిలింది.

"సగమే వాడదామండీ. ఇదీ పోతే మళ్ళీ లేదు," అన్నాను.

"సగం పోస్తే సగం కణాలకే సోకుతుంది. మిగతావాటికి అంటుకునేసరికి ముందు సోకినవి పగిలి, ఉన్న ప్రోటీనూ పాడవుతుంది. గది మూసేశాక ఆ సగాన్ని మెళ్ళో వేసుకు తిరుగుతావా?"

మొత్తం పోసేసింది.

కణాలు బాగా ఉబ్బాయి. తీసేద్దామని నేను తొందరపడితే "ఆగవే" అని కసిరింది. పగలడం మొదలవుతుండగా తీయించింది.

పరీక్షకి డైరెక్టరు మా భుజాల మీదుగా వంగి చూశాడు. నీలిగీత తేలింది. లావుగా, ముదురుగా. ఆయన తలూపి వెళ్ళిపోయాడు. గది నిలిచింది.

"చూస్తావేంటి? ఈ కణాల్లోంచి వచ్చిన కొత్త వైరస్‌ని దొరికినన్ని సీసాల్లోకి పంచు," అంది అత్తగారు. "ఒక్కదాన్నే నమ్ముకున్నందుకు నాకే రెండు తగిలించాలి."

సాయంత్రం దాకా పంచుతూనే ఉన్నాం. ఆవిడ అంత గలగలా మాట్లాడటం నేను మళ్ళీ వినలేదు.